డిగ్రీ క్లాసులో ఒక నవలను చదివించడం: కథ, ప్రతీకలు, మూడ్ మెట్టు మెట్టుగా

పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ వైపుల నుంచి వచ్చి హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో డిగ్రీ చేసే పిల్లల్లో చాలామంది అప్పటిదాకా ఒక్క ఇంగ్లీషు నవల కూడా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి ఉండరు. అది వాళ్ల తప్పు కాదు. ఇంటర్ రెండేళ్లు ఎలా గడుస్తాయో మనకు తెలుసు. సెమిస్టర్‌లో నవల ఉందనగానే జిరాక్స్ షాపులో దొరికే మెటీరియల్ చేతికొస్తుంది. అందులో కథ నాలుగు పేజీలు, పాత్రలు రెండు పేజీలు, ప్రతీకలు ఒక పేజీ. 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల అయితే, మిడతలు దేనికి ప్రతీక అంటే తెల్లవాళ్లకు. అంతే. పుస్తకం తెరవకుండానే పరీక్ష గట్టెక్కుతుంది.

ఇది ఇంగ్లీషు చెప్పే అధ్యాపకుల కోసం రాస్తున్నాను, సొంతంగా చదువుకునే విద్యార్థులకూ పనికొస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్తాను. కథ, ప్రతీకలు, మూడ్ అనే మూడింటినీ మూడు విడి నోట్సులుగా చెప్పినంత కాలం గైడుదే పైచేయి అవుతుంది, ఎందుకంటే విడివిడి నోట్సు ఇవ్వడం దానికి బాగా వచ్చు. నవలలో అవి విడిగా ఉండవు. ఒకే సంఘటనలో, ఒక్కోసారి ఒకే పేరాలో మూడూ కలిసి నడుస్తాయి. పిల్లలు దాన్ని తమ కళ్లతో చూసే ఏర్పాటు చేస్తే మిగతాదంతా వాళ్లే చేసుకుంటారు.

ఉదాహరణగా చినువా అచెబె 1958లో రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' తీసుకుంటున్నాను. చిన్న నవల, సులువైన ఇంగ్లీషు, మూడు భాగాల్లో 25 అధ్యాయాలు. నైజీరియాలోని ఇబో ప్రజల ఊరు ఉమువోఫియా, అందులో పేరుమోసిన మల్లయోధుడు, రైతు ఒకాంక్వో, చివరికి ఆ ఊరి మీదికి వచ్చిన మిషనరీలు, తెల్లదొరల కోర్టు. పద్ధతి మాత్రం ఏ నవలకైనా నడుస్తుంది.

క్లాసుకు వెళ్లే ముందు

నవలను రెండుసార్లు చదవండి. మొదటిసారి పాఠకుడిలా, పెన్సిల్ లేకుండా. రెండోసారి ఒక పెద్ద కాగితం మీద 25 గడులు గీసి, ప్రతి అధ్యాయానికి నాలుగు సంగతులు రాసుకోండి: ఏం జరిగింది, ఏ కాలం (విత్తనాల వేళా, కోతలా, చలికాలమా), ఏ చప్పుళ్లు వినిపించాయి, ఏ వస్తువు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఈ కాగితమే మీ పాఠ్యప్రణాళిక. రెండు సాయంత్రాల పని, కానీ తర్వాత ఏ గైడూ అవసరం పడదు.

ఈ కాగితం నింపుతుంటేనే ఒక సంగతి బయటపడుతుంది. మొదటి భాగంలో 13 అధ్యాయాలు, మిగతా రెండు భాగాల్లో ఆరేసి. తెల్లవాళ్ల గురించిన అసలు వార్త 15వ అధ్యాయంలో గానీ రాదు. అంటే సగం నవల దాటేదాకా అచెబె మనకు ఊరినే చూపిస్తాడు: పెళ్లి మాటలు, పంచాయితీలు, పండుగలు, పెండలం దుంపల సాగు. "కథ ముందుకు పోవట్లేదు సార్" అని పిల్లలు అనేది ఇక్కడే. ఆ మాట కొట్టేయకండి, బోర్డు మీద ఒక మూలన రాసి పెట్టండి. 15వ అధ్యాయం అయ్యాక మళ్లీ దాని దగ్గరికి రండి. కూలిపోయేది ఏమిటో తెలియకపోతే కూలడం మనసును తాకదని అప్పుడు వాళ్లే చెప్తారు.

మొదటి పీరియడ్: రచయిత జీవితం వద్దు, మొదటి పేజీలు చాలు

రచయిత పుట్టిన తేదీ, వలసపాలన చరిత్ర, శీర్షిక ఏ కవి నుంచి వచ్చింది, ఇవన్నీ తర్వాత. (శీర్షిక డబ్ల్యు.బి. యేట్స్ కవిత నుంచి తీసుకున్నది. ఆ నాలుగు పంక్తులూ నవల పూర్తయ్యాక చదివిస్తే ఎక్కువ అర్థమవుతాయి.) మొదటి పీరియడ్‌లో మీరే మొదటి అధ్యాయాన్ని గట్టిగా చదవండి. కుస్తీ పోటీలో డప్పులు, పిల్లనగ్రోవులు, ఊపిరి బిగబట్టిన జనం. చదివి ఆపి ఒకే ప్రశ్న అడగండి: మీకేం వినిపించింది? అర్థమైందా అని అడిగితే క్లాసు తల దించుకుంటుంది. ఏం వినిపించిందంటే జవాబు వస్తుంది.

తర్వాత అదే అధ్యాయంలో అప్పు వసూలుకు వచ్చిన ఒకోయే సన్నివేశం. ఒకాంక్వో తండ్రి ఉనోకా పిల్లనగ్రోవి బాగా వాయిస్తాడు, పని చేయడు, ఊరంతా అప్పులు. ఒకోయే ఎంతో మర్యాదగా, సామెతల మీద సామెతలు వేసి చివరికి రెండు వందల గవ్వలు అడుగుతాడు. ఉనోకా పగలబడి నవ్వి గోడ చూపిస్తాడు. గోడ మీద సుద్దతో గీసిన నిలువు గీతల గుంపులు. ఒక్కో గుంపు ఒక్కో అప్పు, ఒక్కో గీత వంద గవ్వలు. ముందు పెద్ద అప్పులు తీరుస్తా, తర్వాత నీది అంటాడు.

పాల లెక్క గోడ మీద గీతలు గీసుకునే ఇళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. క్లాసులో ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అనగానే బోర్డు మీద గీతలు గీయించండి. ఈ చిన్న సన్నివేశంలో నవ్వు ఉంది, అది మూడ్. గోడ మీది గీతలున్నాయి, ప్రతీక కాగల వస్తువు. ఈ తండ్రిలా బతకకూడదనే ఒకాంక్వో జీవితాంతం రెచ్చిపోతాడు, అది కథకు ఇంధనం. ఈ మూడు పేర్లూ ఇంకా చెప్పకండి. గీతలు నోట్‌బుక్‌లో వేసుకోమనండి, చాలు.

కథ: 'ఆ తర్వాత' నుంచి 'అందువల్ల' దాకా

ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో చెప్పిన తేడా ఇప్పటికీ క్లాసులో బాగా పనిచేస్తుంది. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే అది వరుస. రాజు పోయిన దుఃఖంతో రాణి పోయింది అంటే అది అల్లిక. దీన్ని నిర్వచనంగా రాయించకుండా ఆటగా చేయండి. నవలలోని పన్నెండు ముఖ్య సంఘటనలు చీటీల మీద రాసి గుంపులకు పంచండి. రెండు చీటీల మధ్య 'అందువల్ల' పెట్టగలిగితే గీత గీయాలి. పెట్టలేకపోతే ఖాళీ వదలాలి.

తండ్రి పరువు తక్కువ బతుకు వల్ల ఒకాంక్వోకు మెత్తవాడు అనిపించుకుంటానేమోనన్న భయం. ఆ భయం వల్ల శాంతివారంలో, ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడని రోజుల్లో, భార్యను కొడతాడు. ఆ భయం వల్లే తన ఇంట్లో పెరిగి తనను నాన్నా అని పిలిచిన ఇకెమెఫునా అనే పిల్లవాడి మీద కత్తి ఎత్తుతాడు. దానివల్ల కొడుకు న్వోయే మనసు విరిగిపోతుంది. దానివల్ల మిషనరీల పాట విన్నప్పుడు న్వోయే అటు వెళ్లిపోతాడు. ఇక్కడిదాకా గీతలు చకచకా పడతాయి.

13వ అధ్యాయం చీటీ దగ్గర ప్రతి గుంపూ ఆగిపోతుంది. ఎజెఉడు అనే పెద్దమనిషి దినాల్లో ఒకాంక్వో తుపాకీ పేలి, ముక్క తగిలి పదహారేళ్ల పిల్లవాడు చనిపోతాడు. అది ప్రమాదం. ఒకాంక్వో కోపం వల్ల జరిగింది కాదు, భయం వల్ల జరిగింది కాదు. అయినా దానికే ఏడేళ్లు ఊరు విడిచి పోవాలి. 'అందువల్ల' పెట్టడానికి వీల్లేని సంఘటన, నవలను రెండుగా చీల్చే చోట ఉంది. ఎందుకు?

ఈ ప్రశ్నకు ఒక పీరియడ్ మొత్తం ఇవ్వండి, జవాబు మాత్రం మీరు చెప్పకండి. ఒక సూచన ఇవ్వొచ్చు: ఆ చనిపోయిన పిల్లవాడు ఎవరి కొడుకు? ఎజెఉడు కొడుకు. ఎజెఉడు అంతకుముందు కథలో ఏం చేశాడు? 7వ అధ్యాయం తిప్పి చూస్తారు. ఇకెమెఫునా నిన్ను నాన్న అంటున్నాడు, వాడి చావులో నీ చెయ్యి ఉండకూడదని ఒకాంక్వోను హెచ్చరించింది ఆయనే. ఇది తెలిసిన నిమిషంలో క్లాసులో వాదన మొదలవుతుంది. కొందరు పాపం తగిలిందంటారు, కొందరు ఉత్త ప్రమాదమే అంటారు. ఊరి నియమమూ దాన్ని తెలియక చేసిన నేరంగానే చూస్తుంది, అందుకే శిక్ష ఏడేళ్లతో ఆగింది. రెండు వైపులకూ పుస్తకంలో ఆధారం ఉంది, పేజీ చూపించినవాళ్ల మాటే నిలవాలన్న నియమం పెట్టండి.

మూడ్: 7వ అధ్యాయం దగ్గర కూర్చోండి

మూడ్ గురించి పిల్లలు రాసే జవాబుల్లో 'విషాదకరమైన వాతావరణం' అన్న మాట తప్ప ఇంకేమీ ఉండదు. విషాదం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ మాటతో మొదలైంది అని అడిగితే మౌనం. అందుకే మొత్తం నవల మూడ్ అడగకూడదు. రెండు పేజీల మూడ్ అడగాలి.

ముందు చిన్న సాధన. 2వ అధ్యాయం మొదట్లో ఒకాంక్వో దీపం ఆర్పి వెదురు మంచం మీద ఒరిగాడో లేదో, రాత్రి నిశ్శబ్దంలో చాటింపు గంట మోగుతుంది. ఆ ఊళ్లో రాత్రిపూట పిల్లల్ని ఈల వేయొద్దంటారు, పాము పేరు తీయొద్దంటారు. ఈ రెండూ మన పల్లెల్లో పెరిగినవాళ్లందరూ విన్నవే. "మీ నాయనమ్మ ఏమనేది?" అని అడిగితే అయిదు నిమిషాల్లో ఆ చీకటి క్లాసులోకి వస్తుంది.

ఇక 7వ అధ్యాయం. ఈ నవలలో ఒక్క అధ్యాయమే చెప్పే వీలుంటే నేను దీన్నే చెప్తాను.

ఇకెమెఫునా పక్క ఊరు నుంచి పరిహారంగా వచ్చిన పిల్లవాడు. మూడేళ్లుగా ఒకాంక్వో ఇంట్లోనే పెరిగి, న్వోయేకు అన్నలా అయిపోయాడు. వాణ్ని చంపాలని దేవత వాక్కు వచ్చింది. నీ ఊరికి తీసుకెళ్తున్నామని అబద్ధం చెప్పి మగవాళ్లు అడవి బాట పట్టిస్తారు. తల మీద కల్లు కుండ మోస్తూ పిల్లవాడు నడుస్తుంటాడు.

బోర్డు మీద నాలుగు నిలువు గడులు గీయండి: చప్పుడు, వెలుగు, ఒళ్లు, వాక్యం. పిల్లలు రెండేసి మంది కలిసి ఆ రెండు పేజీలు చదువుతూ నింపాలి.

చప్పుడు గడిలో ఏం వస్తాయి? బయలుదేరినప్పుడు మగవాళ్ల నవ్వులు, కబుర్లు. ఊరి పొలిమేర దగ్గర పడేకొద్దీ మాటలు సన్నగిల్లుతాయి. దూరంగా ఎక్కడో డప్పు. అది ఏ ఊరి డప్పు అని కాసేపు వాదన. మళ్లీ నిశ్శబ్దం. పిల్లవాడు తల్లి బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్నప్పటి పాట మనసులో పాడుకుంటాడు. పాట కుడి అడుగు మీద ముగిస్తే అమ్మ బతికున్నట్టు, ఎడమ అడుగు మీద ముగిస్తే చనిపోయినట్టు. కాదు, చనిపోయినట్టు కాదు, జబ్బు చేసినట్టు అని వెంటనే సర్దుకుంటాడు. కుడి అడుగు మీదే ముగుస్తుంది. తర్వాత వెనకాల ఒకడు గొంతు సవరించుకుంటాడు.

ఆ గొంతు సవరింపు దగ్గర ఆపండి. పేజీలో ఇంకా ఎవరూ కత్తి ఎత్తలేదు. కానీ అందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసింది? ఇదే మూడ్ మీద అడగాల్సిన ప్రశ్న. నవ్వులు, దూరపు డప్పు, మనసులో పాట, చివరికి ఒక దగ్గు. చప్పుళ్లు ఒక్కొక్కటిగా తగ్గిపోతూ వచ్చి, మిగిలిన చిన్న చప్పుడు భయపెట్టింది. 'విషాదకరమైన వాతావరణం' అని రాసే పిల్లవాడు ఈ మాట రాయగలిగిన రోజు మీ పాఠం అందినట్టు.

ఒళ్లు గడిలో మరో విషయం పడుతుంది. మొదట ఒకాంక్వో పిల్లవాడి వెనకే నడుస్తున్నాడు, ఆ ధైర్యంతోనే వాడు నడిచాడు. తర్వాత ఒకాంక్వో అందరికన్నా వెనక్కి తగ్గాడు. మొదటి వేటు పడేటప్పుడు తల తిప్పుకుంటాడు. కుండ ఇసుకలో పడి పగులుతుంది. నాన్నా, నన్ను చంపేశారు అంటూ పిల్లవాడు తన వైపే పరుగెత్తుకొస్తే అప్పుడు ఒకాంక్వో కత్తి దూస్తాడు. మెత్తవాడు అనుకుంటారేమోనని భయపడ్డాడని అచెబె ఒక్క చిన్న వాక్యంలో చెప్పి వదిలేస్తాడు. వాక్యం గడిలో పిల్లలు రాయాల్సింది అది: వేటు దగ్గర వాక్యాలన్నీ పొట్టివి. వర్ణన లేదు, ఏడుపు లేదు.

ఇప్పుడు వెనక్కి తిప్పించండి. ఇదే అధ్యాయంలో ఈ నడకకు ముందు ఏం వచ్చాయి? మిడతలు. ఊరంతా సంబరం.

ప్రతీకలు: ఒక్క వస్తువును చివరిదాకా వెంబడించడం

క్లాసును గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక వస్తువు ఇవ్వండి: నిప్పు, మిడతలు, పెండలం, డప్పు, కొండచిలువ, కత్తి. నియమాలు మూడే. ఆ వస్తువు కనీసం మూడు చోట్ల కనిపించాలి. ప్రతి చోటా అది కథలో అసలు ఏ పని చేస్తోందో ముందు రాయాలి. మొదటిసారికీ చివరిసారికీ దాని అర్థం ఎలా మారిందో చెప్పాలి. 'దేనికి ప్రతీక' అనే ప్రశ్న క్లాసులో నిషేధించండి, కనీసం రెండు వారాలు. ఆ ప్రశ్నకు ఒక్క మాట జవాబు ఉంటుంది, ఆ ఒక్క మాట గైడులో ఉంటుంది.

మిడతలను తీసుకున్న పిల్లల గుంపు ఇలా వెంబడిస్తుంది. 7వ అధ్యాయంలో ముందు ఒక చిన్న గుంపు వస్తుంది, చోటు చూసిపోవడానికి వచ్చినట్టుగా. తర్వాత ఆకాశం కమ్ముకుంటూ పెద్ద దండు. చెట్ల కొమ్మలు బరువుకు విరుగుతాయి. జనం పరుగెత్తి పట్టుకుని, వేయించి, ఎండబెట్టి, నూనెతో తింటారు. 15వ అధ్యాయంలో అబామె అనే ఊరికి ఒక తెల్లవాడు సైకిలు మీద వస్తాడు. దేవత వాక్కు ఏమంటుంది? వాళ్లు మిడతలు, ఇతను చోటు చూసుకోవడానికి ముందొచ్చినవాడు అని. ఇక పిల్లలు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. మిడతలను ఊరు సంబరంగా ఆహ్వానించిందన్న సంగతి అప్పుడు గుచ్చుకుంటుంది. 2020 వేసవిలో మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు ఆదిలాబాద్ వైపు సరిహద్దు జిల్లాల్లో రైతులు ఎంత టెన్షన్ పడ్డారో ఇప్పటి పిల్లలకు గుర్తుంటుంది. మనకు భయమైనది వాళ్లకు విందు ఎందుకైందని అడగండి.

నిప్పు గుంపుకు ఇంకా మంచి దారి ఉంది. ఒకాంక్వోను జనం భగభగ మండే మంట అని పిలుస్తారు. 13వ అధ్యాయంలో అతని ఇళ్లకే ఊరివాళ్లు నిప్పు పెడతారు, పగతో కాదు, నేల శుద్ధి కోసం. 17వ అధ్యాయంలో న్వోయే క్రైస్తవుల్లో కలిశాక ఒకాంక్వో పొయ్యిలో మొద్దును చూస్తూ కూర్చుని, బతికున్న మంటకు చల్లటి, చేవలేని బూడిదే పుడుతుందని అనుకుంటాడు. తనకు సమాధానం దొరికిందనుకుంటాడు. 22వ అధ్యాయంలో ముసుగు దేవతలు (పితరుల ఆత్మలుగా ముసుగులు వేసుకునే ఊరి పెద్దలు) చర్చిని నాశనం చేసి వెళ్లిపోతే అక్కడ మిగిలింది మట్టి, బూడిద. మంట గెలిచిన చోట కూడా బూడిదే. ఈ వరుసను గుంపు సొంతంగా పట్టుకుంటే మీరు మధ్యలో మాట్లాడకండి.

కత్తి గురించి గైడుల్లో సాధారణంగా ఉండదు, అందుకే దాన్ని జాబితాలో పెట్టాను. 7వ అధ్యాయంలో కల్లు కుండ ఇసుకలో పగిలిన చోట కత్తి లేస్తుంది. 24వ అధ్యాయంలో కోర్టు జవానును నరికి, ఎందుకు చేశాడని జనం అడుగుతుంటే ఒకాంక్వో కత్తిని ఇసుకలో తుడుచుకుని వెళ్లిపోతాడు. మొదటిసారి జనం ముందు మెత్తవాడు కాకూడదని, రెండోసారి జనం తన వెంట వస్తారని. రెండుసార్లూ అతని లెక్క తప్పింది.

అన్నీ ప్రతీకలు కావని కూడా నేర్పాలి. అతిథికి ఇచ్చే కోలా కాయ చాలాసార్లు వస్తుంది. అది ప్రధానంగా మర్యాద, మన ఇళ్లలో ముందు మంచినీళ్లు ఇచ్చినట్టు. దానికి లోతైన అర్థం వెతికే పిల్లలకు కొంచెం ఆగమని చెప్పండి.

పెండలం దగ్గర జాగ్రత్త

3వ అధ్యాయంలో యువకుడైన ఒకాంక్వో న్వాకిబియే అనే పెద్ద రైతు దగ్గర ఎనిమిది వందల విత్తన దుంపలు పాలుకు తెచ్చుకుంటాడు. ఆ ఏడు ముందు ఎండలు, తర్వాత ఆగని వాన. కుళ్లిన దుంపలు తవ్వుతూ రైతులు ఏడుస్తారు, ఒక రైతు చెట్టుకు ఉరి వేసుకుంటాడు. ఒక్క వాక్యమే. చివరి అధ్యాయంలో చెట్టుకు వేలాడే ఒకాంక్వోకూ ఈ వాక్యానికీ ఉన్న సంబంధం నవల అల్లికలో చాలా ముఖ్యం. ఆ కరువు ఏడాదిని తట్టుకున్నాను, ఇక దేన్నైనా తట్టుకుంటానని ఒకాంక్వో తర్వాత గర్వంగా అనుకుంటాడు కాబట్టి ఇంకా ముఖ్యం.

అయితే మనం ఉన్నది వరంగల్‌లో. 1997-98లో పత్తి రైతుల ఆత్మహత్యలు చూసిన నేల ఇది, ఆ తర్వాతా ఆగలేదు. క్లాసులో ఎవరింట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. ఈ వాక్యాన్ని పిల్లలచేత చదివించకండి, మీరే చదవండి. "మీ ఊళ్లో ఇలాంటివి జరిగాయా?" అని ఎవరినీ అడగకండి. ముందు రోజే రేపటి పాఠంలో ఇలాంటి సంగతి వస్తుందని చెప్పండి. ఎవరైనా తమంతట తామే మాట్లాడితే వినండి, నవలకు ముడిపెట్టే తొందర వద్దు. క్లాసు అయ్యాక ఆ పిల్లవాడితోనో అమ్మాయితోనో ఒక్క మాట మాట్లాడండి.

మన ఊరికి వంతెన, దాని హద్దు

ఈ నవలకు మన పల్లె నుంచి దారులు చాలా ఉన్నాయి. ఊరు విడిచిన ఒకాంక్వో తల్లిగారి ఊరు ఎంబాంటాకు వెళ్తే ఆదరించేది మేనమామ ఉచెండు. మేనమామ అంటే ఏమిటో మన పిల్లలకు చెప్పాల్సిన పని లేదు. పూజారిణి చియెలో అర్ధరాత్రి పూనకంతో ఒకాంక్వో కూతురు ఎజిన్మాను వీపున మోసుకుని వెళ్లే 11వ అధ్యాయం, శివసత్తుల పూనకాలు చూసినవాళ్లకు వెంటనే అందుతుంది. పగలు మామూలు విధవరాలిగా సంతలో కనిపించే చియెలో, రాత్రి దేవత గొంతుతో ఎజిన్మా తల్లి ఎక్వెఫీనే గద్దిస్తుంది. సామెతల కోసం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి అయిదేసి రాసుకురమ్మనండి, నవలలోని సామెతలతో జత కలిపించండి.

కానీ ఉమువోఫియాను మన ఊరుగా మార్చేయకూడదు. కవల పిల్లల్ని కుండల్లో పెట్టి అడవిలో వదిలేసే ఊరది. ఆ ఏడుపు విన్న న్వోయే లోపల ఏదో విరిగింది, ఇకెమెఫునా చనిపోయిన రాత్రి మళ్లీ విరిగింది. మిషనరీల పాట అతనికి ఆ రెండింటికీ జవాబులా వినిపించింది. ఆ మత సిద్ధాంతం అతనికి అర్థమే కాలేదని అచెబె స్పష్టంగా రాస్తాడు. తాను ప్రేమించిన ఊరిలోని క్రూరత్వాన్ని రచయిత దాచలేదు. మనమూ దాచకూడదు.

18వ అధ్యాయంలో ఒసు అనే వెలివేసిన వర్గం వస్తుంది. దేవుడికి అంకితమైనవాళ్లు, జుట్టు కత్తిరించుకోకూడదు, ఊరివాళ్లతో పెళ్లి లేదు, వాళ్ల పిల్లలకూ అదే రాత. మన క్లాసు తప్పకుండా కులం దగ్గరికి వెళ్తుంది, నిజామాబాద్ వైపు పిల్లలుంటే జోగిని వ్యవస్థ దగ్గరికి కూడా. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చిన సంగతి చెప్పండి. చర్చ జరగనివ్వండి. ఏ ఒక్కరి కులమూ, ఇల్లూ ఉదాహరణ కాకుండా చూడటం అధ్యాపకుడి బాధ్యత.

చివరి పేరా

25వ అధ్యాయాన్ని ఒకే బిగిన చదవండి. ఉరి వేసుకున్నవాడి శవాన్ని సొంత ఊరివాళ్లు ముట్టుకోకూడదు, పరాయివాళ్లే దించాలి. మిత్రుడు ఒబియెరికా కోపంతో మాట రాక నిలబడతాడు. అక్కడిదాకా ఊరి కళ్లతో చూసిన కథ, చివరి పేరాలో జిల్లా కమిషనర్ తలలోకి దూకుతుంది. ఆయన ఒక పుస్తకం రాస్తున్నాడు, ఆదిమ తెగలను ఎలా దారికి తెచ్చామో చెప్పే పుస్తకం. ఈ మనిషి మీద ఒక అధ్యాయం రాయొచ్చు, లేదా ఒక మోస్తరు పేరా చాలు అనుకుంటాడు.

ఇక్కడ రాత పని ఇవ్వండి. మొదట, కమిషనర్ రాసే ఆ పేరాను పిల్లలు రాయాలి, పది వాక్యాల్లో. తర్వాత అదే సంగతిని ఒబియెరికా తన మనవడికి చెప్పినట్టు తెలుగులో రాయాలి. రెండూ పక్కపక్కన చదివిస్తే కథ ఎవరు చెప్తున్నారనేది ఎంత పెద్ద విషయమో అందరికీ తెలుస్తుంది.

ఆసక్తి ఉన్నవాళ్లకు మన జిల్లాల నుంచి ఒక దారి చూపించొచ్చు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల గురించి తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, భూముల పట్టాల కోసం, బడుల కోసం పనిచేశాడు. బయటివాడు రాసే పుస్తకం ఎప్పుడూ కమిషనర్ పుస్తకంలాగే ఉండాలా అనే ప్రశ్న మీద మంచి సెమినార్ పేపర్ వస్తుంది.

పరీక్ష సంగతి

సెమిస్టర్ ప్రశ్నపత్రం మన చేతిలో లేదు. అందులో వ్యాస ప్రశ్నే వస్తుంది. ఇంటర్నల్స్ మాత్రం మన చేతిలో ఉన్నాయి. అక్కడ పేజీ ఇచ్చి అడగండి: ఈ పది వాక్యాల్లో భయం ఏ మాటతో మొదలైంది? ఈ వస్తువు ఇంతకుముందు ఎక్కడ కనిపించింది, అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? ఈ సంఘటన జరగకపోతే తర్వాత ఏది జరిగేది కాదు? ఇలా నాలుగైదు సార్లు రాసినవాళ్లు వ్యాసం కూడా బాగానే రాస్తారు, ఎందుకంటే ప్రతి పేరాకూ చేతిలో ఒక సన్నివేశం ఉంటుంది.

మంచి పేరా ఎలా ఉంటుందో ఒక నమూనా బోర్డు మీద కట్టి చూపించండి. "17వ అధ్యాయంలో ఒకాంక్వో పొయ్యి ముందు కూర్చుని కొడుకును బూడిదతో పోలుస్తాడు. అక్కడ తప్పు కొడుకుదని అనుకుంటాడు. 22వ అధ్యాయంలో చర్చి బూడిదయ్యాక, 23వ అధ్యాయం మొదట్లో అతనికి సంతోషం లాంటిది కలుగుతుంది. కానీ ఆ బూడిద వల్లే ఊరి పెద్దలు జైలు పాలవుతారు. అంటే బూడిద కొడుకు బలహీనతను కాక, మంట చేసే పనినే చూపిస్తోంది." సన్నివేశం, రెండో సన్నివేశం, వాటి మధ్య మార్పు. అయిదు వాక్యాలు.

భాష విషయంలో నేను మొండిగా ఉండను. చర్చ తెలుగులో జరగనివ్వండి, రాత ఇంగ్లీషులో. ఆలోచన స్పష్టంగా ఉంటే ఇంగ్లీషు వాక్యం వంకరగా వచ్చినా దిద్దొచ్చు. ఇంటి దగ్గర చదవలేనివాళ్లను జంటలు చేసి, కాలేజీలోనే రోజుకు పది పేజీలు గట్టిగా చదివించండి. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయాల్లో కూర్చుని చదివే అలవాటు చేయించండి. గైడును పూర్తిగా నిషేధించాల్సిన పని లేదు. నవల అయ్యాక చదవమనండి, అందులో తప్పులు పట్టుకోమనండి. నాకు తెలిసి పిల్లలు అత్యంత ఉత్సాహంగా చేసే పని అదే.

మొత్తానికి పద్నాలుగు పీరియడ్లు ఉంటే ఇదంతా హాయిగా సాగుతుంది: రెండు మొదటి అధ్యాయాలకు, మూడు కథ అల్లికకు, మూడు 7వ అధ్యాయానికి, నాలుగు ప్రతీకల గుంపులకు, రెండు చివరి అధ్యాయానికి. సెలవులు, ఎన్నికల డ్యూటీలు పోను ఆరే మిగిలితే 1, 7, 13, 15, 17, 25 అధ్యాయాలు క్లాసులో చదివి, మిగతావి జంటలకు పంచి కథ చెప్పించండి. 7వ అధ్యాయాన్ని మాత్రం ఎవరికీ పంచకండి. అది అందరూ కలిసి వినాలి.